బురదనేల సాక్షులు

చైనా దేశమున, షాంఘై మహానగరమునకు ఉత్తరముగా, యాంగ్‌ట్సీ నదికి ఆవలి గట్టున రుదోంగ్ అను తీరప్రాంతము కలదు. అచ్చట ఇసుకతిన్నెలు లేవు. ఒడ్డున విరిగిపడు పెద్ద కెరటములును లేవు. ఆటు వేళ సముద్రము మైళ్ళకొలది వెనుకకు జరిగిపోగా, బూడిదవన్నె బురద కనుచూపు మేర పరచుకొని యుండును. శరత్కాలమున ఆ తీరమునకు పోయినవారికి ఒక వింత దృశ్యము కానవచ్చును. సముద్రపు కట్టమీద పదిమంది మనుష్యులు, మూడుకాళ్ళ కొయ్యలపై దూరదర్శినులు నిలుపుకొని, మాటలాడక ఆ బురదవైపే చూచుచుందురు. వారు ఓడల కొరకు చూచుట లేదు. చేపల కొరకును చూచుట లేదు. పోటు వచ్చుటకై వారు కాచుకొని యుందురు.

పోటునీరు మెల్లమెల్లగా ఎక్కుచుండగా, దూరమున మేయుచున్న వేలకొలది పక్షులు నీటి అంచు వెంబడి ఒడ్డువైపునకు జరుగుచు వచ్చును. వానిలో పెక్కు ఉల్లంకి జాతులవి. అన్నియు చిన్నవి, అన్నియు బురదరంగువి, నిమిషమైనను నిలుకడ లేనివి. వానిని ఒక్కొక్కదానినే పరికించుచు పోవలెను. గంటలు గడచును. గాలికి కన్నులు నీరు క్రమ్మును. తుదకు ఎవరో ఒకరు, "అదిగో, ఎడమవైపున, నీటిగుంట ప్రక్కన!" అని మెల్లగా పలుకుదురు. అందరి దూరదర్శినులును అటు తిరుగును. ఊరపిచ్చుకంత పిట్ట యొకటి తలవంచి బురదలో ముక్కాడించుచు సాగి, ఒక్క క్షణము తలయెత్తి ఎదురుగా చూచును. దాని ముక్కు చివర చిన్న తెడ్డువలె వెడల్పుగా నుండును. అర నిమిషములో ఆ పిట్ట గుంపులో కలిసిపోవును. చూచినవారు చేతిపుస్తకములు తెరచి తేదియు, వేళయు, స్థలమును, సంఖ్యయు వ్రాసికొందురు.

ఇంత మాత్రమునకా ఇంత శ్రమ యని చూచువారికి తోచుట సహజము. పక్షులను చూచుట తీరిక గలవారి వినోదమనియు, దానివలన పక్షికి గాని మనుష్యునికి గాని ఒరుగున దేమియు లేదనియు తలచువారు అన్ని దేశములలోను కలరు. ఈ తలపు సరియైనది కాదు. నోరులేని ప్రాణికిని, ధరలేని నేలకును కష్టము వచ్చినపుడు, చూచిన సంగతిని చూచినట్లు చెప్పగల సాక్షి యొకడు కావలెను. సాక్షి లేని వ్యాజ్యము ఓడిపోవును. పక్షివీక్షకుడు అట్టి సాక్షి. వాని చేతిపుస్తకమే వాని సాక్ష్యము. ఈ మాట అతిశయోక్తి కాదని తెలియుటకు ఆ తెడ్డుముక్కు పిట్ట కథయే చాలును.

ఆ పిట్టను తెలుగున తెడ్డుమూతి ఉల్లంకి అనవచ్చును. సరస్సులలో తిరుగు తెడ్డుమూతి కొంగను ఎరిగినవారికి ఆ ముక్కు రూపమును వేరుగా వర్ణింప నక్కరలేదు. 1758లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి శాస్త్రీయనామ మొసగినపుడు, ముక్కును బట్టి దీనిని తెడ్డుమూతి కొంగల సరసనే చేర్చెను. ఇది కొంగ కాదు, ఉల్లంకి యని తరువాతివారు నిర్ణయించిరి. దీని పొడవు 14 మొదలు 16 సెంటీమీటర్లు. బరువు సుమారు 30 గ్రాములు. గ్రుడ్లు పెట్టు కాలమున తలయు రొమ్మును ఎఱ్ఱనిరంగు దాల్చును. చలికాలమున వీపు బూడిదవన్నెగను, పొట్ట తెల్లగను మారును. అప్పుడు ప్రక్కనుండి చూచినచో దీనిని మిగిలిన చిన్న ఉల్లంకులనుండి వేరుపరచుట కష్టము. ఎదురుగా చూచిననే తెడ్డు తెలియును. అందుచేతనే వీక్షకులకు అంత ఓర్పు కావలసి వచ్చును.

ఈ పిట్టకు పుట్టినిల్లు రష్యా దేశపు ఈశాన్యపు కొననున్న చుకోట్కా తీరము. అచ్చట జూన్ మాసమునకు గాని మంచు కరగదు. కరగినంతనే జంటలు నాచుమొక్కల నడుమ చిన్న గుంట చేసికొని నాలుగు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు అప్పుడే ముక్కు చివర చిట్టి తెడ్డుండును. తల్లి ముందుగానే దక్షిణమునకు సాగిపోగా తండ్రి పిల్లలను కాచును. మేతను మాత్రము పిల్లలే వెదకికొనును. సుమారు మూడు వారములకు వానికి ఎగురు శక్తి వచ్చును. పిమ్మట తండ్రియు వెడలిపోవును. దారి చూపువారు లేకయే ఆ పిల్లలు తీరము వెంబడి దక్షిణమునకు బయలుదేరి, సుమారు 8,000 కిలోమీటర్లు ప్రయాణము చేసి, బర్మా, బంగ్లాదేశ్, థాయిలాండ్ మున్నగు దేశముల బురదతీరములకు చేరి చలికాలము గడపును.

ఇంతదూరపు ప్రయాణము ఏకధాటిగా సాగునది కాదు. పూర్వకాలమున కాశీయాత్రకు పోవు బాటసారికి దారిలో సత్రము లెట్టివో, ఈ పక్షులకు పసుపు సముద్రపు బురదనేల లట్టివి. చైనాకును కొరియాకును నడుమనున్న ఆ సముద్రములోనికి గొప్ప నదులు యుగయుగములుగా ఒండ్రు తెచ్చి పోయుచున్నవి. ఆ ఒండ్రులో పురుగులు, నత్తలు, చిన్న రొయ్యలు లెక్కకు మిక్కిలిగా పెరుగును. ఆటు వేళ పక్షులు వానిని తిని, ఒంట క్రొవ్వు నింపుకొనును. ఆ క్రొవ్వే తరువాతి ప్రయాణమునకు కట్టుసాదము. పెద్ద పిట్టలు పాత ఈకలు రాల్చి క్రొత్త ఈకలు తెచ్చుకొనునదియు ఇచ్చటనే. బాటసారి వచ్చునప్పటికి సత్రము కూలియుండినచో వాని గతి యేమగునో ఊహించుట కష్టము కాదు.

ఆ సత్రములు నిజముగానే కూలినవి. బురదనేల చూచుటకు అందమైనది కాదు. దానిమీద నడువలేరు, దానియందు పంట పండదు, ఇల్లు నిలువదు. కావున అది ఎవరికిని పనికిరాని చోటని చెప్పుట సులభము. దానికి అడ్డముగా గోడ కట్టి, మట్టి నింపి, పొలములుగను, రేవులుగను, కర్మాగారములుగను మార్చుటను అభివృద్ధి యనిరి. ఈ విధముగా ఇంచుమించు ఏబది సంవత్సరములలో పసుపు సముద్రపు బురదనేలలలో సుమారు మూడింట రెండు వంతులు మాయమైనవి. 1970ల నాటి అంచనా ప్రకారము తెడ్డుమూతి ఉల్లంకులు 2,000 మొదలు 2,800 జంటలు ఉండెను. 2009, 2010 నాటికి 120 మొదలు 200 జంటలు మాత్రమే మిగిలినవని అంచనా వేసిరి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ఈ పక్షిని మిక్కిలి ప్రమాదస్థితిలో నున్న జాతుల పట్టికలో చేర్చెను.

గోడలు కట్టించినవారు క్రూరులు కారు. పక్షులకు రెక్కలున్నవి, ఇచ్చట చోటు లేనిచో మరియొక చోటికి పోవునని వారు నమ్మిరి. వినుటకు ఈ మాట న్యాయముగానే తోచును. దీనిలోని తప్పును వెల్లడించినది దక్షిణ కొరియాలోని సేమాన్‌గం. అచ్చట రెండు నదుల ముఖద్వారములకు అడ్డముగా సుమారు 33 కిలోమీటర్ల గోడ కట్టి, 2006లో సముద్రమును మూసివేసిరి. ఆ గోడలోపలి నేల గ్రేట్ నాట్ అను ఉల్లంకి జాతికి గొప్ప విడిది. ఆ యేటినుండి 2008 వరకు కొరియా, ఆస్ట్రేలియా దేశముల పక్షివీక్షకులు అచ్చటను, చుట్టుపట్లనున్న తీరములందును ఏటేట పక్షులను లెక్కించిరి. సేమాన్‌గంలో సుమారు 90,000 గ్రేట్ నాట్ పక్షులు తగ్గినవి. ప్రక్క తీరములలో అంత సంఖ్య పెరుగలేదు. ఆ పక్షులు చలికాలము గడపు ఆస్ట్రేలియా తీరములందును వాని సంఖ్య తగ్గెను. అవి మరియొక చోటికి పోలేదు, లేకుండ పోయినవి. మిగిలిన విడుదులు అంతకుముందే ఇతర పక్షులతో నిండియుండును గదా! ఒక సత్రము మూసినంతమాత్రమున రెండవ సత్రమున విస్తళ్ళు పెరుగవు.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. పక్షులు వేరుచోటికి పోవునను వాదమును ఉపన్యాసములు ఓడింపలేదు; కన్నీరును ఓడింపలేదు. ఎండలో, గాలిలో నిలిచి వేసిన లెక్కలు ఓడించినవి. ముందు సంవత్సరపు సంఖ్య వ్రాసియుండనిచో తరువాతి సంవత్సరపు లోటు ఎవరికిని తెలిసియుండదు. నష్టమును చూపుటకైనను ముందున్న కలిమిని ఎవరైన లెక్కించి యుండవలెను.

రుదోంగ్ కథయు ఇట్టిదే. ఆ తీరము తెడ్డుమూతి ఉల్లంకికి ఇంత ముఖ్యమైన మజిలీ యని చాలకాలము లోకమునకు తెలియదు. షాంఘై పరిసరముల పక్షివీక్షకులు, పగలెల్ల తమతమ ఉద్యోగములు చేసికొను సామాన్యులు, సెలవుదినములలో ఆ కట్టమీదికి పోయి చూడసాగిరి. తాము చూచినదానిని ఇతరులకు తెలిపిరి. 2011 అక్టోబరులో ఆ తీరమున నూరింటికి పైగా తెడ్డుమూతి ఉల్లంకులు ఒక్కసారిగా లెక్కకు వచ్చెను. లోకమున మిగిలినవి కొన్ని వందలు మాత్రమే యని శాస్త్రజ్ఞులు భయపడుచున్న కాలమది. అంతవరకు పటములో వట్టి బురదగా నుండిన చోటు, ఆ లెక్కతో ఒక జాతి ప్రాణములకు ఆధారమైన చోటుగా తేలెను.

లెక్కింపదగిన పక్షి అన్నిచోట్లను కంటబడదు గదా, మొత్తము సంఖ్య ఎట్లు తెలియునని ప్రశ్నింపవచ్చును. దానికొక యుక్తి కలదు. 2012 మొదలు చుకోట్కాలో కొన్ని గ్రుడ్లను తీసి, నక్కలనుండియు పెద్ద పక్షులనుండియు కాపాడి, పొదిగించి, పిల్లలను ఎగురు వయస్సు వచ్చినంతనే విడిచిపెట్టసాగిరి. వాని కాలికి అక్షరములు గల చిన్న జెండాపట్టీ తొడిగిరి. కొన్ని పెద్ద పిట్టలకును తొడిగిరి. ఇక కడవలో చింతగింజలు పోసినట్లు భావింపవలెను. వానిలో 20 గింజలకు సున్నము పూసి కలిపి, ఒక దోసెడు తీయగా, 50 గింజలలో 5 సున్నపు గింజలు వచ్చినవి. అనగా పదింట ఒకటి. కావున కడవలో సుమారు 200 గింజలున్నవని చెప్పవచ్చును. వీక్షకులు కట్టమీద నిలిచి, చూచిన పిట్టలెన్ని, వానిలో పట్టీ గలవెన్ని యని వ్రాసిన లెక్కలను ఇట్లే గుణించి, 2014లో 210 మొదలు 228 జంటలు గ్రుడ్లు పెట్టెనని శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. పట్టీ లేని పిట్టను చూచుటయు ఆ లెక్కకు అవసరమే. దోసెటిలోని పూత లేని గింజలను లెక్కింపనివాడు కడవలోని గింజల సంఖ్యను చెప్పలేడు.

బురద మాయమగుట ఒక్కటే ఈ పక్షికి ఆపద కాదు. బర్మాలోని మోట్టమా సింధుశాఖలోను, బంగ్లాదేశ్‌లోని సోనాదియా ద్వీపమునను పేదలు వలలు పన్ని తీరపక్షులను పట్టి అమ్ముకొనెడివారు. వారికి కావలసినవి పెద్ద పక్షులు. ఇంత చిన్న పిట్టలో తినుటకు ఏమియు లేదు. అయినను వలకు పెద్దదియు చిన్నదియు ఒకటే. పక్షిని వెదకుచు పోయినవారు మొదట ఈ వేటను చూచి దుఃఖించిరి, పిమ్మట ఆలోచించిరి. ఆకలిగొన్నవానికి అరుదైన పక్షి మహిమను బోధించుటవలన ఫలము లేదు. కావున వారు వేటగాండ్రతో కూర్చుండి మాటలాడి, చేపలు పట్టుట మున్నగు వృత్తులు చేసికొనుటకు సాయపడిరి. వారిలో పలువురు వల విడిచిరి. కొందరు తామే పక్షులకు కావలివారైరి. లోకమందలి తెడ్డుమూతి ఉల్లంకులలో సగమునకు పైగా చలికాలము గడపునని తెలిసిన మోట్టమా తీరము, 2017లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడెను. సాక్షి కేవలము నేరమును చూపువాడు కాడు. ఇరుపక్షముల కష్టమును ఎరిగినవాడైనపుడే వాని మాటకు విలువ.

మనుష్యులకే చోటు చాలని కాలమున పక్షులకు మైళ్ళకొలది నేల విడుచుట న్యాయమా యని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. రేవు కావలెను, పంట కావలెను, పని కావలెను. కాని బురదనేల పక్షులది మాత్రమే యనుట పొరపాటు. రుదోంగ్ తీరమున ఆటు వేళ దిగు మనుష్యులలో దూరదర్శిని పట్టినవారికంటె బుట్ట పట్టినవారు ఎక్కువ. వారు బురదలోని ఆల్చిప్పలను ఏరి జీవించువారు. సముద్రపు చేపలలో పెక్కింటి పిల్లలు ఇట్టి లోతులేని నీటిలోనే పెరుగును. తుపాను వేళ ఉప్పెన బలమును ముందుగా తగ్గించునది ఈ విశాలమైన పల్లపు నేలయే. గోడ కట్టినవాడు పక్షి మేతతోపాటు బెస్తవాని బువ్వను, ఊరివారి రక్షణను కూడ మూసివేయుచున్నాడు. పక్షి తగ్గుట ఆ నష్టమునకు మొదటి గుర్తు మాత్రమే. ధాన్యపు గాదెకు చిల్లి పడినదని క్రింద రాలిన గింజ తెలుపునట్లు, తీరమునకు కలిగిన కీడును ముందుగా తెలుపునది పక్షి.

ఈ సాక్ష్యము వ్యర్థము కాలేదు. 2018లో చైనా ప్రభుత్వము సముద్రతీరపు చిత్తడినేలలను పూడ్చుటను కఠినముగా నియంత్రించుచు ఆజ్ఞలు జారీ చేసెను. 2019లో జియాంగ్సూ రాష్ట్రపు యాన్‌చెంగ్ తీరమందలి వలసపక్షుల విడుదులు ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరెను. 2021లో దక్షిణ కొరియా బురదనేలలు కొన్ని అదే గౌరవము పొందినవి. 2024 జూలైలో ప్రపంచ వారసత్వ సంఘము న్యూఢిల్లీలో సమావేశమై, చైనా తీరమందలి మరికొన్ని విడుదులను ఆ పట్టికలో చేర్చెను. ఒకనాడు పనికిరానిదని తలచిన బురద, తాజమహలు పేరున్న పట్టికలోనే చోటు సంపాదించుకొన్నది. అయినను ఇది సంతోషించి ఊరకుండవలసిన సమయము కాదు. రుదోంగ్ తీరము ఆ రెండు జాబితాలలోను చేరలేదు. ఒండ్రును పట్టి నిలుపుటకై వెనుక అమెరికానుండి తెచ్చి నాటిన గడ్డి తీరమంతయు అల్లుకొని, పక్షులు మేయు బురదను కప్పివేసినది. దానిని తొలగించుటకు చైనా 2022లో పెద్ద ప్రయత్నమునకు పూనవలసి వచ్చెను. మంచితలంపుతో నాటినదైనను, నేలను ఎరుగక నాటినచో తీయుట కష్టము.

ఇక సాక్షి నడవడి గురించియు ఒక మాట చెప్పవలెను. పక్షివీక్షకులందరును మంచి సాక్షులని చెప్పుటకు వీలులేదు. అరుదైన పక్షి కనబడినదను వార్త వినినంతనే పరుగెత్తి, దగ్గరనుండి ఛాయాచిత్రము తీయవలెనను ఆశతో గుంపును చెదరగొట్టువారు కలరు. పోటు వేళ పక్షులు ఒడ్డున విశ్రమించుట సోమరితనమువలన కాదు; కూడబెట్టిన క్రొవ్వును కాపాడుకొనుటకై. ఒక్కసారి బెదరి లేచినచో అవి ఎన్నో గంటలు శ్రమించి సంపాదించినదానిలో కొంత వృథాయగును. ఎనిమిదివేల కిలోమీటర్ల బాటసారి మూటలోనుండి పిడికెడు దొంగిలించుట వీక్షణము కాదు. మరికొందరు చూడనిదానిని చూచితిమందురు. అనుమానమును నిశ్చయముగా వ్రాయుదురు. చెదరినముక్కు కనబడక, రూపము సరిగా తెలియక, ఇది తెడ్డుమూతి యని వ్రాసినవాడు, గొప్ప కోసము బొంకు సాక్ష్యము చెప్పినవానితో సమానుడు. తెలియనిచో తెలియలేదని వ్రాయుటయే గౌరవము. "నేడు ఒక్కటియు కానరాలేదు" అను పంక్తియు మంచి సాక్ష్యమే. చూచినను కానరాలేదని అది చెప్పుచున్నది.

తెడ్డుమూతి ఉల్లంకి కథ దూరదేశమున జరిగినదైనను, దాని నీతి తెలుగు నేలకు దూరమైనది కాదు. పులికాటు సరస్సున, కొల్లేటిలో, కాకినాడకు చేరువనున్న కోరింగ మడ అడవుల బురదలో ప్రతి శీతకాలమును ఉత్తరదేశముల ఉల్లంకులు దిగుచునే యున్నవి. కొల్లేరు 2002లో రాంసార్ పట్టికకు ఎక్కెను. అంతకుముందే చేపలచెరువుల గట్లు సరస్సును ముక్కలు చేసినవి. 2006లో ఆ గట్లను పెద్దయెత్తున తెగగొట్టవలసి వచ్చెను. ఆ చెరువులమీద బ్రతికినవారి కష్టమును, సరస్సు కష్టమును నేటికిని ఒకే త్రాసున తూచవలసియే యున్నది. గుంటూరు చేరువనున్న ఉప్పలపాడు గ్రామస్థులు మాత్రము తమ ఊరి చెరువులోని చెట్లపై గూళ్ళు కట్టు కొంగలను, గూడబాతులను ఊరి అతిథులుగా భావించి కాపాడి పేరు పొందిరి. వారిలో ఎక్కువమంది శాస్త్రజ్ఞులు కారు. వారు చూచిరి, చూచినదానిని తమదిగా భావించిరి.

ఊరి చెరువు, కాలువగట్టు, ఉప్పుకయ్య, సముద్రపు పాయ, వీనిలో ఏదో ఒకటి లేని గ్రామము అరుదు. అచ్చట దిగు పక్షులను ప్రతి సంవత్సరము ఒకే నెలలో, ఒకే చోట నిలిచి లెక్కించి వ్రాయుటకు ఖరీదైన పరికరము లక్కరలేదు. రెండు కన్నులు, ఒక పుస్తకము, కొంత ఓర్పు, అబద్ధమాడని మనస్సు చాలును. పది సంవత్సరములు నిండునప్పటికి ఆ పుస్తకము ఊరికొక ఆస్తి యగును. ఎవరైనను వచ్చి ఇది పనికిరాని పల్లమని చెప్పిన దినమున, బడిపిల్లలు వ్రాసిన ఆ పుస్తకమే లేచి సమాధానము చెప్పగలదు.

రుదోంగ్ కట్టమీద ప్రొద్దు గ్రుంకునప్పటికి పోటు తీసి, బురద మరల బయటపడును. పక్షులు మేతకు దూరముగా సాగిపోవును. తెడ్డుమూతి ఉల్లంకి తనను ఎవరో చూచిరని ఎరుగదు. తనకొరకు ఒక దేశము ఆజ్ఞ మార్చినదనియు ఎరుగదు. అది ఈ రాత్రికి కడుపు నింపుకొని, గాలి అనుకూలించిన దినమున దక్షిణమునకు ఎగిరిపోవును. కట్టమీదివారు దూరదర్శినులు మడచి, పుస్తకములోని అంకెలను ఒకరితో నొకరు సరిచూచుకొని ఇండ్లకు మరలుదురు. మరుసటి సంవత్సరము అదే వారమున, అదే చోట, వారు మరల నిలువవలెను. ఆ పిట్ట తిరిగి వచ్చినదో లేదో చెప్పుటకు వారు తప్ప వేరెవరును లేరు.